ఏరియల్ అయివారు

మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషిని మిద్దె మీదికి ఎక్కించి, టీవీ ఏరియల్ గొట్టాన్ని నాలుగు దిక్కులకూ తిప్పించి, ఆ ఏరియల్ నుంచి దిగిన వైరు మాత్రం టీవీకి తగలకుండా నా కాళ్ళ దగ్గరే చుట్టచుట్టుకుని పడివుందన్న సంగతి గమనించని మహానుభావుణ్ణి నేనే. ఈ మాట నేనే ముందు చెప్పేయడం మంచిది. నేను చెప్పకపోతే మా తోడల్లుడు చెబుతాడు. ఆయన చెప్పడం మొదలుపెడితే ఎండ ఇంకా ముదురుతుంది, మిద్దె ఇంకా ఎత్తు పెరుగుతుంది, నేను ఇంకా తెలివితక్కువవాణ్ణవుతాను.

పోయిన నెల మా వదిన, అంటే మా ఇంటావిడకు అక్క, ఫోను చేసింది. వాళ్ళ పెళ్ళిరోజు వస్తోందనీ, ఓర్వకల్లు దారిలో కొత్తగా కట్టుకున్న ఇంటికి కొడుకులూ కోడళ్ళూ వియ్యంకులూ అందరూ వస్తున్నారనీ, ఆ పూట తమ పెళ్ళి క్యాసెట్టు చూడాలని ఉందనీ చెప్పింది. కర్నూల్లో స్టూడియో అతను ఇప్పుడు ఆ క్యాసెట్లు ఆడించే యంత్రం తన దగ్గర లేదనీ, ఎక్కడికో పంపి తెప్పించాలనీ, మధ్యలో టేపు తెగితే తనను అడగవద్దనీ అన్నాడట. "నీ తావ ఆ డెక్కు ఇంగా ఉండాదంట గదా అయివారూ, నువ్వే వచ్చి ఆడిచ్చి పోవల్ల" అని వదిన అడుగుతుండగానే, వెనకనుంచి మా తోడల్లుడి గొంతు కంచుగంటలా వినిపించింది: "ఏరియల్ తిప్పేకి మాత్రం నేను రానని చెప్పు!"

ఆ మాటకు అటువైపు నవ్వు, ఇటువైపు నేను. నవ్వడం తప్ప వేరే మర్యాద తోచక నేనూ నవ్వాను.

ఆ ఏరియల్ కథ జరిగింది వేంపల్లె దగ్గర ఒక పల్లెలో, మా అత్తగారింట్లో. నేను ఆత్మకూరు హైస్కూల్లో తెలుగు పంతులుగా, మా వైపు మాటలో అయివారుగా, కొత్తగా చేరిన రోజులు, అంతకంటే కొత్తగా పెళ్ళయిన రోజులు. పీర్ల పండుగకు అల్లుళ్ళిద్దరినీ పిలిచారు. మన ప్రాంతంలో పీర్ల పండుగంటే ఫలానా వాళ్ళదని ఎవరూ అనుకోరు కదా, ఊరంతటిదీ. పెద్దల్లుడు, ఆయనను నేను అన్నా అని పిలుస్తాను, అప్పటికే నాపబండల వ్యాపారంలో నాలుగు లారీలను చెయ్యెత్తి ఆపగల స్థాయికి చేరుకున్నాడు. ఆయన పెళ్ళిని వీడియో తీయించారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వీడియో తీయించిన మొదటి పెళ్ళి అదేనని మా మామ గొప్పగా చెప్పుకునేవాడు. అయితే ఆ క్యాసెట్టు ఊళ్ళోవాళ్ళెవరూ చూసింది లేదు. పండుగ పూట వీధివాళ్ళందరినీ పిలిచి చూపించాలని మా మామ పులివెందుల నుంచి ఒక డెక్కును అద్దెకు తెప్పించాడు. మన వయసువాళ్ళకు చెప్పనక్కరలేదు, పిల్లలకైతే చెప్పాలి: డెక్కు అంటే వీసీఆరు. దాని అసలు పేరు ఎవరూ పలికేవారు కాదు.

మామూలుగా డెక్కు తెచ్చినతనే వైర్లు కలిపి, బొమ్మ వచ్చేదాకా ఉండి, కాఫీ తాగి వెళ్ళేవాడు. ఆ రోజు వచ్చిన భాయికి మాత్రం వాళ్ళ ఊళ్ళో పీర్ల చావిడి దగ్గర పని ఉంది. డెక్కును గోనెసంచిలోంచి తీసి బల్లమీద పెట్టి, ఒక నల్లవైరు దాని పక్కన పెట్టి, "ఈ పొద్దు నేనుండేకి కాదప్పా. సదువుకున్న అల్లుడు ఉండాడు గదా, తీగ తగిలిస్తే అయిపాయ" అని సైకిలెక్కాడు. అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి.

నేను చదువుకున్నది తెలుగు. నాకు తెలిసిన సంధులు అచ్చుకు అచ్చు తగిలితే జరిగేవి. తీగకు తీగ తగిలితే ఏ రూపం సిద్ధిస్తుందో నాకెవరూ చెప్పలేదు. అయినా కొత్తల్లుణ్ణి, పైగా తలుపు చాటునుంచి మా ఇంటావిడ చూస్తోంది. ఇద్దరల్లుళ్ళలో ఒకడికి లారీలున్నాయి, రెండోవాడికి చదువుందని ఆ ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ చదువు ఎంత పని చేస్తుందో తేల్చే గడియ ఇదేనని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. డెక్కును పూర్వపదంగా, టీవీని పరపదంగా భావించి పని మొదలుపెట్టాను. టీవీ వెనక ఏరియల్ వైరు ఉన్న చోటు తప్ప వేరే చోటు కనిపించలేదు. దాన్ని పీకి కింద పడేసి, అక్కడ డెక్కు వైరు తగిలించాను. ఇప్పుడు తలుచుకున్నా గర్వంగానే ఉంటుంది, అంతవరకూ నేను చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని.

క్యాసెట్టు లోపలికి పోయింది. తెరమీద చీమలు. తెల్లవీ నల్లవీ, కోట్లకొద్దీ చీమలు.

ఆ రోజుల్లో చీమలకు మనకు తెలిసిన వైద్యం ఒక్కటే. కాకి వాలినా, గాలి వీచినా, చీమలు కనిపించగానే ఇంట్లో ఒకరు మిద్దె ఎక్కాలి, ఒకరు టీవీ ముందు నిలబడాలి, పైవాళ్ళు తిప్పాలి, కిందివాళ్ళు అరవాలి. చేతులకూ నోళ్ళకూ అలవాటైపోయిన పని అది, బుర్రదాకా వెళ్ళేది కాదు. "ఏరియల్ తిరిగినట్టుంది" అని నేనే అన్నాను. పెళ్ళి తనదే కదా, ఆ ఉత్సాహంలో మా తోడల్లుడు తానే నిచ్చెన ఎక్కాడు. మట్టిమిద్దె ఇల్లు కాబట్టి నడిమింటి పైకప్పులో వెలుతురు కోసం ఒక గవాచి ఉండేది. దాని మీది బండ పక్కకు జరిపి ఆయన తల లోపలికి పెట్టి అరవడం, నేను కిందనుంచి తలెత్తి బదులివ్వడం మొదలైంది.

"వచ్చిందేమప్పా?"

"రాలేదన్నా. తూర్పుకు రోంత తిప్పు."

"ఇప్పుడు?"

"చీమలు శానా అయినాయి. ఎనక్కి తిప్పు."

వీధివాళ్ళు నడిమింట్లో చాపలమీద కూర్చుని తలా ఒక సలహా ఇచ్చారు. వార్తలు వచ్చే దిక్కుకే పెట్టమని ఒకరు, గొట్టం తడిపితే బొమ్మ తేటగా వస్తుందని ఒకరు. అంతలో ఒక ముసలామె, "పెండ్లి జరిగింది ప్రొద్దుటూర్లో గదప్పా, ఆ పక్కకు తిప్పితే గదా కనపడేది" అంది. ఆమె అన్నదానికి ఆమెను తప్పుపట్టలేము. కానీ డిగ్రీ చదివి, ప్రభుత్వం చేత జీతం తీసుకుంటున్న నేను గవాచి కింద నిలబడి, "అన్నా, ప్రొద్దుటూరు పక్కకు తిప్పి చూడు!" అని ఆ మాటను పైకి చేరవేశాను. పైన ఆయన ఆ ఎండలో కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రొద్దుటూరు ఎటువైపో వెతుక్కున్నాడట. దొరికిందట కూడా. తిప్పాడట.

అప్పుడే మా అత్త పీర్లకు చేసిన తీపి మలీదా పళ్ళెం పట్టుకుని జనం మధ్యలోంచి వస్తూ కాలికి ఏదో తగిలి తూలింది. "ఎవురిదప్పా ఈ తీగ, ఆవు పలుపు మాదిరి కాళ్ళకు సుట్టుకుంటాండాది?" అని విసుక్కుంటూ, పళ్ళెం ఒకరి చేతికిచ్చి, ఆ తీగను వంగి పట్టుకుని గట్టిగా లాగింది. పైన గొట్టం కదిలింది. గవాచిలోంచి గొంతు ఉరిమింది: "ఎవురప్పా ఇగ్గేది?"

అందరూ మా అత్త చేతిలోని వైరును చూశారు. ఆ వైరు కిటికీలోంచి బయటికి, గోడవెంట పైకి, మిద్దె మీదికి పోతోంది. దాని రెండో కొస ఆమె చేతిలోనే, దేనికీ తగలకుండా గాలిలో ఊగుతోంది. మా మామ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముందుగా నవ్వింది ఆ ముసలామే. తరవాత ఎవరెవరు నవ్వారో చెప్పడం కంటే ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక.

మా తోడల్లుడు దిగివచ్చేటప్పటికి తెల్లచొక్కా ముందరంతా తుప్పు మరకలు, ముఖం ఎర్రమట్టి రంగు. నన్ను తిట్టలేదు. తిట్టివుంటే ఆ రోజుతో పోయేది. నింపాదిగా కూర్చుని, చెంబెడు నీళ్ళు తాగి, "మన అయివారు మామూలు అయివారు గాదు, ఏరియల్ అయివారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. కానీ తలుపు చాటునుంచి మా ఇంటావిడ లోపలికి వెళ్ళిపోవడం చూశాను. నా పరువు పోతే నేను ఎలాగో సర్దుకుంటాను, అలవాటున్నవాణ్ణే. పుట్టింట్లో తలెత్తుకుని తిరగాలనుకున్న కొత్త పెళ్ళికూతురు వంటింట్లోకి తలవంచుకుని పోవడం మాత్రం నన్ను నిలువనీయలేదు.

సాయంత్రం పీర్లు చావిట్లోంచి లేచాయి. తప్పెట్లు వినబడగానే ఇల్లు ఖాళీ అయింది. నేను మాత్రం టీవీ ముందు గొంతుక్కూర్చుని, బొత్తాల పక్కనున్న చిన్న మూత తెరిచాను. లోపల స్టేషన్లు పట్టే వేలిగోరంత చక్రాలు వరసగా ఉన్నాయి. ఒక్కో బొత్తం నొక్కుతూ, దాని చక్రాన్ని ఈ చివరనుంచి ఆ చివరకు నిదానంగా తిప్పుతూ పోయాను. ఎన్నో చక్రమో గుర్తులేదు, చీమలు ఒక్కసారి వణికాయి, వాటి వెనకనుంచి నాదస్వరం ముక్క ఒకటి తొంగిచూసి పోయింది. రవ్వంత వెనక్కి తిప్పాను. పందిరి, పీటలు, పురోహితుడి బొజ్జ, అన్నీ నిలబడ్డాయి. వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ మా ఇంటావిడ, "వచ్చెనే!" అంది. ఆ ఒక్క మాటను నేను ఈనాటికీ ఎవరి సన్మానంతోనూ మార్చుకోను. ఇద్దరమూ నిలబడే కాసేపు చూశాము. అందరూ తిరిగివచ్చే వేళకు కరెంటు పోయింది. మళ్ళీ తెల్లవారేదాకా రాలేదు. అప్పటికి భాయి వచ్చి డెక్కు తీసుకుపోయాడు. బొమ్మ వచ్చిందని మా ఇంటావిడ ఎంత చెప్పినా, "పెండ్లాము సాచ్చెం సెల్లదమ్మా" అని మా తోడల్లుడు కొట్టిపారేశాడు.

ఆ మాటతో పుట్టిన పట్టుదలే నన్ను మనిషిని చేసిందంటే నమ్మాలి. మా బడికి ఎక్కడినుంచో ఒక కలరు టీవీ, డెక్కు వచ్చి బీరువాలో నిద్రపోతుండేవి. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో ఎవరూ ముట్టుకునేవారు కాదు. హెడ్మాస్టరును బతిమాలి తాళంచెవి తీసుకుని, సెలవు రోజుల్లో వాటి ముందు కూర్చుని, ఒక్కో తీగ తగిలించి ఏం జరుగుతుందో చూసేవాణ్ణి. ఏరియల్ చోటులోంచి బొమ్మను రప్పించడం ఒక పద్ధతి, మూడు రంగుల పిన్నుల ద్వారా రప్పించడం ఇంకో పద్ధతి అని అప్పుడే తెలిసింది. తరవాత ఒక పాత డెక్కు నేనే కొనుక్కున్నాను. ఒక్కొక్కరుగా ఆత్మకూరులో వీధివాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. పెళ్ళి క్యాసెట్లు, భక్తి క్యాసెట్లు, ఆ తరవాత డిస్కులు ఆడే డీవీడీ ప్లేయర్లు వచ్చాయి. ఏ ఇంట్లో కొత్త పెట్టె దిగినా కబురు మా ఇంటికే వచ్చేది.

మొగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు కనెక్షను ఊడిపోతే ఆడవాళ్ళకు ఇబ్బందిగా ఉండేది. పసుపు, తెలుపు, ఎరుపు, ఈ మూడింటిలో ఏది ఎందులోకో వాళ్ళకు గుర్తుండేది కాదు. ఏ రంగు బొక్కలో ఆ రంగు పిన్ను పెట్టడమే కదా అంటారేమో, కొన్ని టీవీలకు ఆ రంగులు చెరిగిపోయి ఉండేవి, కొన్నింటికి అసలు ఉండేవే కావు, వీడియో, ఆడియో అన్న అక్షరాలే ఉండేవి. నేను ఒక సూత్రం కట్టాను: పసుపు ముఖానికి, మిగతా రెండూ చెవులకు. పసుపు పిన్ను బొమ్మది, తెలుపూ ఎరుపూ శబ్దానివి, ఒక చెవికొకటి. వ్యాకరణంలో నేను చెప్పిన సూత్రాలు మరిచిపోయిన పిల్లలున్నారు కానీ, ఈ సూత్రం మరిచిపోయిన ఇల్లాలు ఆత్మకూరులో లేదు. ఒకనాటి పొద్దున బడికి పోతుంటే మా ఎదురింటామె కిటికీలోంచి కేకేసింది: "అయివారూ, మొగానికి పసుపు పెట్నా, సెవులకు కమ్మలు పెట్నా, బొమ్మ కండ్లు తెరిచింది!" ఉత్తమ ఉపాధ్యాయుడంటూ తరవాత ఒక శాలువా కూడా కప్పారు నాకు. అది చలికి పనికొచ్చింది, ఈ కేక మాత్రం ఇప్పటికీ వేడిగా ఉంది.

ఇంత పేరు సంపాదించినా అత్తగారి వైపు మాత్రం నా పేరు మారలేదు. మా తోడల్లుడు కొత్త టీవీ కొన్నా, డీవీడీ కొన్నా, పనిగట్టుకుని కర్నూలు నుంచి మెకానిక్కును పిలిపించేవాడు. నేను పక్కనే ఉంటే, "మా అయివారు ఉండాడు గానీ, మిద్దె ఎక్కే ఓపిక నాకు ల్యా" అనేవాడు. ఆయన మనసులో ద్వేషం లేదు, అది నాకు తెలుసు, నాకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో నా పక్కనే పడుకున్న మనిషి. కానీ ఆ కథ మాత్రం ప్రతి శుభకార్యంలో, ప్రతి కొత్త చుట్టం ముందు, విడవకుండా చెప్పేవాడు. ప్రతిసారీ మా ఇంటావిడ ఏదో పని ఉన్నట్టు లేచి పక్క గదిలోకి పోయేది.

అందుకే వదిన ఫోను పెట్టేశాక నేను తలెత్తి అటక వంక చూశాను. డెక్కు అక్కడ ఎన్నేళ్ళుగా పడివుందో. క్యాసెట్టు దానికంటే ముసలిది. ఉన్నది అదొక్కటే. ఆ టేపు నా డెక్కులో చిక్కుకుని తెగిందంటే, వదిన పెళ్ళి పోగొట్టిన పుణ్యం నాకే దక్కుతుంది, ఇక ఏరియల్ కథ దాని ముందు బాలశిక్ష అయిపోతుంది. డెక్కు దించి, మూత విప్పి, లోపల టేపును చదివే తలకాయను స్పిరిట్టులో ముంచిన గుడ్డతో తుడిచాను. సాగిపోయిన రబ్బరు బెల్టు మార్పించాను. పోయినా బాధలేని పాత బడి క్యాసెట్టు ఒకటి పెట్టి రోజూ ఆడించి చూశాను. ఇప్పటి గోడ టీవీలకు పసుపు, తెలుపు, ఎరుపు బొక్కలే లేవు, ఆ పాత తీగల మాటను కొత్త టీవీకి అర్థమయ్యేట్టు మార్చిచెప్పే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుందని తెలుసుకుని కర్నూల్లో కొన్నాను. దుభాషి లాంటిదన్నమాట. మా ఇంటావిడ ఇవన్నీ చూస్తూనే ఉంది. బయలుదేరే రోజున ఆ డబ్బాను తన చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది.

వదినవాళ్ళ కొత్త ఇంటి హాలు మా అత్తగారి ఇల్లంత ఉంది, టీవీ ఆ ఇంటి వాకిలంత ఉంది. వియ్యంకులు సోఫాల్లో, కోడళ్ళూ పిల్లలూ కింద. నేను తీగలు కలిపాను. క్యాసెట్టు లోపలికి నెట్టాను. గోడమీద నీలిరంగు పరుచుకుని, దాని మధ్యలో సిగ్నల్ లేదని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి.

మా తోడల్లుడు సోఫాలోంచి నెమ్మదిగా లేచి, పంచె పైకి దోపుకుని, "పైకి పోవల్లనా అప్పా?" అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. నేను తల తిప్పకుండానే మా ఇంటావిడ కోసం చూశాను. ఈసారి ఆమె లేవలేదు. కుర్చీలో అలాగే కూర్చుని నా చేతుల వంకే చూస్తోంది. గోడ టీవీకి చెవులెక్కువ, ఏ చెవితో వినాలో మనం చెప్పాలి. రిమోటు తీసుకుని సోర్సు అన్న బొత్తం నొక్కి, ఒక మెట్టు కిందికి దించాను. నీలిరంగు ఒక్కసారి చెదిరి, అందులోంచి పందిరి వచ్చింది. పీటలు వచ్చాయి. నాదస్వరం హాలంతా నిండింది. మా మామ ఒక పక్కన తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఎవరికో ఏదో పురమాయిస్తున్నాడు. మా అత్త కొంగు నడుముకు చెక్కి హడావిడిగా తిరుగుతోంది. నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను గమనించలేదు. వదిన కిందికి దిగివచ్చి టీవీకి దగ్గరగా, పిల్లల మధ్యలో కూర్చుంది.

వదిన పెద్ద మనవడు అంతా అయ్యాక నాతో అన్నాడు, ఇప్పుడు ఫోనులో ఉన్నది గోడమీదికి రావాలంటే తీగే అక్కర్లేదట, గాలిలోంచే వస్తుందట. నిజమే. అంటే ఆ రోజు మా తోడల్లుడు మిద్దె మీద చేసింది తప్పేమీ కాదు, కాస్త తొందరపడి ముందు చేశాడంతే. కానీ తీగ అక్కర్లేని రోజు వచ్చాక, తీగ కలిపే మనిషీ అక్కర్లేకపోయాడు. ఆత్మకూరులో నేను గడప దాటి నడిమింటిదాకా వెళ్ళని ఇల్లు లేదు. టీవీ వెనకకు దూరి, దుమ్ములో పడుకుని, బొమ్మ రాగానే ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో "వచ్చె" అనడం విన్నాను. ఇప్పుడు అన్నీ ఎవరినీ పిలవకుండానే వస్తున్నాయి. వచ్చిందని అరిచేవాళ్ళు మాత్రం లేరు.

సరే, ఆ పూట సంగతి పూర్తి చేస్తాను. తలంబ్రాలు మొదలయ్యాయి. వదిన దోసిలి నిండా పోసిన బియ్యం, దాంతోపాటు పసుపు, మా తోడల్లుడి ముక్కులోకి పోయినట్టుంది. బాసికం ఒక చెవిమీదికి జారింది. కళ్ళు మూతపడ్డాయి, ముక్కుపుటాలు గుర్రానివిలా లేచాయి, తుమ్ముకు ముందు నోరు బావిలా తెరుచుకుంది. సరిగ్గా అక్కడ నా బొటనవేలు డెక్కు మీద పాజు బొత్తాన్ని నొక్కింది.

వాకిలంత టీవీలో, మనిషంత నోరు. పాత టేపు కాబట్టి బొమ్మ కొద్దిగా వణుకుతోంది, దానివల్ల తుమ్ము ఇదిగో వచ్చె, అదిగో వచ్చె అన్నట్టు ఉంది. ముందు పిల్లలు, ఆ తరవాత కోడళ్ళు, చివరికి మర్యాదకు బిగబట్టుకున్న వియ్యంకులు కూడా పగలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. పక్కన దోసిలితో నవ్వుతున్న పద్దెనిమిదేళ్ళ తనను చూసుకుంటూ వదిన మాత్రం మెల్లగా నవ్వింది. మా ఇంటావిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పుట్టింటివాళ్ళ మధ్య ఆమె అంత బాహాటంగా నవ్వడం పెళ్ళయ్యాక నేను అదే మొదటిసారి చూడటం.

"చాల్లే అప్పా, ముందరికి పోనీ" అన్నాడు మా తోడల్లుడు.

నేను డెక్కు మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూస్తున్న డాక్టరులా ముఖం పెట్టి, "పాత మిషనన్నా, ఏడెక్కిండాది. ఇప్పుడు కదిలిస్తే టేపు తెగుతాది. రోంత సల్లబడల్ల" అన్నాను. ఆ హాల్లో నా మాట కాదనగలవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన నా వంక చూశాడు, గోడమీది తన నోటి వంక చూశాడు, నోరు మూసుకుని కూర్చున్నాడు.

నా చేతికింద డెక్కు కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.